ఒక షెడ్డు, రెండు మేతలు

మొహిదిల్ వాకిలి ఊడ్చే చప్పుడుతోనే ఆ ఇంట్లో తెల్లవారుతుంది. ద్రాక్ష పందిరి కింద నీళ్ళు చల్లి, గుమ్మం దాటి వీధిలో కూడా పక్కింటి గోడ దాకా ఊడ్చి వస్తేగానీ ఒక్తెపా ఊళ్ళో కోడలు పొద్దున్నే లేచిందని ఎవరూ ఒప్పుకోరు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆ పని ఆమె ఎవరికీ వదల్లేదు. ఆ ఏప్రిల్ పొద్దున మాత్రం చీపురు రెండుసార్లు ఆగింది. చెవులు వీధి మలుపు మీదే ఉన్నాయి. భర్త ఇల్యాస్ వ్యానులో ఆరువందల కోడిపిల్లలు రావాలి.

అత్తమామలు పందిరి కింద పెద్ద చెక్క మంచం మీద కూర్చుని టీ తాగుతున్నారు. మొహిదిల్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి సలాం చెప్పింది.

"ఏం కెలిన్, షెడ్డు మధ్య వల గట్టిగా కట్టావా?" అన్నాడు మామ ఎర్గష్, ఊరంతా గౌరవంగా ఆతా అని పిలిచే పెద్దాయన, రొట్టె తుంచుతూ. కోడల్ని ఆయన పేరు పెట్టి పిలవడు. ఆ ఊళ్ళో కోడల్ని పిలిచే మాటతోనే, కెలిన్ అని పిలుస్తాడు. "నా పిల్లలు నీ వైపు దూకి ఆకులూ అలములూ తిని పాడైపోతే ఊరుకోను."

"కట్టాను మావయ్యా. నా పిల్లలు మీ వైపొచ్చి మందు నీళ్ళు తాగకుండా కింద ఇటుకలు కూడా పేర్చాను."

అత్త సబాహత్ టీ గిన్నె పక్కన పెట్టి ఇద్దరినీ చూసింది. "పిల్లలింకా బండి దిగనేలేదు. అప్పుడే వీళ్ళ వాటాలు మొదలయ్యాయి," అని గొణుక్కుంది.

ఆ షెడ్డు ఎర్గష్ ఆతా ప్రాణం. ముప్ఫై ఒక్కేళ్ళు ఆయన ప్రభుత్వ కోళ్ళ ఫారంలో పనిచేశాడు. అరవై వేల కోళ్ళకి ఏం మేత వెయ్యాలో, ఎప్పుడు మందు పొయ్యాలో ఆయనే చెప్పేవాడు. ఫారం మూతపడ్డాక దాని ఇటుకలు, తలుపులు కొనుక్కొచ్చి పెరట్లో ఈ షెడ్డు కట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ బాగానే నడిచింది. కిందటేడు మాత్రం వరసగా రెండు బ్యాచులు పోయాయి. పిల్లలు మూడో వారంలో రెక్కలు వేలాడేసి, రక్త విరేచనాలతో ఒక్కొక్కటే ఊకలో ఒరిగిపోయాయి. ఆతా పోసిన మందే మళ్ళీ పోశాడు, మోతాదు పెంచి పోశాడు. "ఆ మందు వాడీవాడీ అరిగిపోయింది ఆతా, ఇక పనిచెయ్యదు," అన్నాడు పశువుల డాక్టరు. ఆతా నెల రోజులు డాక్టరుతో మాట్లాడలేదు.

మొహిదిల్‌ది కొండ మీది నానాయ్ ఊరు. వాళ్ళమ్మ హలీమా ఆకులు, వేళ్ళు ఏరి ఎండబెట్టి అమ్ముతుంది. ఆ ఇంట్లో పెరిగి, నమంగాన్‌లో మందుల దుకాణంలో తొమ్మిదేళ్ళు చేసి, మొహిదిల్ రెండింటి వాసనా తెలిసిన మనిషైంది. ఆ చలికాలం కోళ్ళు పెంచే ఆడవాళ్ళకి రెండు వారాలు శిక్షణ ఇస్తున్నారంటే వెళ్ళింది. అడవి మరువం, నల్లజీలకర్ర, అతిమధురం, వెల్లుల్లి, కాస్త మాచిపత్రి సరైన పాళ్ళలో మేతలో కలిపితే కోడి పేగు గట్టిపడుతుందని, తిన్నది ఒంటబడుతుందని అక్కడ చెప్పారు. పేర్లన్నీ వాళ్ళమ్మ అటక మీద మూటలవే. మొహిదిల్‌కి ఒళ్ళు పులకరించింది. దానికి తోడు నమంగాన్ పట్నంలో జబ్బుపడ్డ చిన్నపిల్లల్ని ఉంచే శానిటోరియంలో వంటశాల చూసే రానో అనే ఆవిడ, ఒక్కసారి కూడా మందు పట్టని కోళ్ళైతే ఏడాది పొడుగునా మేమే తీసుకుంటాం అంది.

"గడ్డి తిని పెరగడానికి అవి మేకలా, కోళ్ళా?" అన్నాడు ఆతా మాట వినగానే.

"గడ్డి కాదు మావయ్యా. మొక్కజొన్న మీరు వేసేదే, సోయా చెక్క మీరు వేసేదే. కొక్కెర తెగులు టీకా కూడా మానం. ఆకులు టీకా పని చెయ్యవు. కిలో మేతకి పది గ్రాముల పొడి, అంతే."

"పది గ్రాములు!" ఆతా భార్య వైపు తిరిగాడు. "విన్నావా ముసలీ, నువ్వు పులావులో వేసే జీలకర్రంత. దానికి కోడి పెరుగుతుందట!"

"నా పులావు తినే కదా మీరా పొట్ట పెంచింది," అంది సబాహత్.

నవ్వులు అయ్యాక ఇల్యాస్ అసలు మాట చెప్పాడు. ఈ బ్యాచ్ కూడా పోతే షెడ్డుని కుర్చీలు చేసే వడ్రంగికి అద్దెకిచ్చేస్తానని, మాట కూడా అయిపోయిందని. ఆతా ముఖం పాలిపోయింది. అప్పుడే పంతాలు రెండూ ఒక ఒప్పందానికొచ్చాయి. షెడ్డు మధ్య వల. ఇటు మూడువందలు కోడలివి, ఆకుల మేత. అటు మూడువందలు మామవి, మామూలు మేత, నీళ్ళలో మందు. ప్రతి ఆదివారం చెరో వైపు ఇరవై కోళ్ళ తూకం. ఎవరి వైపు నెగ్గితే వచ్చే బ్యాచ్ వాళ్ళది.

ఆ ఏప్రిల్ పొద్దున చివరికి వ్యాను వచ్చింది. అట్టపెట్టెల్లోంచి పసుపుపచ్చని కిచకిచలు బయటికొచ్చాయి. ఆతా, మొహిదిల్ చెరో వైపు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పిల్ల ముక్కు నీళ్ళలో ముంచి ఊక మీద వదిలారు. ఇద్దరి చేతులూ ఒకే తీరున కదులుతున్నాయి. అది సబాహత్ ఒక్కతే చూసింది.

మొదటి వారం రెండు వైపులా సమానం. రెండో వారం మొహిదిల్ పిల్లలు తలకి ముప్ఫై గ్రాములు ఎక్కువ తూగాయి. ఊక పొడిగా ఉంది, రెట్టలు గట్టిగా ఉన్నాయి, షెడ్డులో వచ్చే ఘాటు వాసన ఆమె వైపు తక్కువ. తొమ్మిదేళ్ళ కూతురు గుల్సనమ్ పలక మీద అంకెలు రాసి తాత ముందు పెట్టింది.

"తాతయ్యా, మీ వైపు ఓడిపోతోంది."

"నీ తాత దగ్గరున్న త్రాసు ముసలిదైపోయింది తల్లీ," అన్నాడు ఆతా. నవ్వాడు కానీ ఆ రోజు రెండో గిన్నె టీ తాగలేదు.

మొహిదిల్ మాత్రం గాల్లో తేలింది. ఇరుగమ్మ దగ్గర, తందూరు పొయ్యి దగ్గర, ఎవరు కలిస్తే వాళ్ళకి తన కోళ్ళ కథే చెప్పింది. "మావయ్యకి మందు పొట్లం తప్ప ఇంకోటి తెలీదు," అని ఒకసారి నోరు జారింది కూడా. ఒక్తెపాలో మాట పొయ్యి దగ్గర పుడితే సాయంత్రానికి టీ దుకాణం చేరుతుంది. ఆతా స్నేహితులు ఆయన్ని చూసి, "మీ కోడలు మేం కూడా ఆకులు తింటే బరువెక్కుతామంటుందా?" అని ఆటపట్టించారు. ఆయన ఇంటికొచ్చి ఏమీ అనలేదు. అనకపోవడమే మొహిదిల్‌కి గుచ్చుకుంది.

మూడో ఆదివారం లెక్క తిరగబడింది. ఆమె కోళ్ళు నలభై గ్రాములు వెనకబడ్డాయి.

మళ్ళీ తూచమంది. మళ్ళీ అంతే. ఆతా కళ్ళజోడు సర్దుకుని, "వయసొచ్చేకొద్దీ ఆకులు అరగవేమో," అన్నాడు. ఇల్యాస్ ఆ సాయంత్రం వ్యాను కడుగుతూ, "మొహీ, వడ్రంగికి ఏం చెప్పమంటావ్?" అని అడిగాడు.

"ఏమీ చెప్పొద్దు. ఇంకా మూడు వారాలుంది."

"నాన్న అంత పెద్ద ఫారం నడిపిన మనిషి. ఆయనకి తెలీకుండా..."

"ఆ పెద్ద ఫారం అరిగిపోయిన మందుతోనే మన రెండు బ్యాచులు పోయాయి. మర్చిపోయారా?"

ఇల్యాస్ బక్కెట్టు నేల మీద కొట్టినట్టుగా పెట్టి లోపలికి పోయాడు.

మర్నాడు మొహిదిల్ పొడి పాళ్ళు మార్చింది. అమ్మ చెప్పిన కొలత పక్కన పెట్టి అన్నీ రెట్టింపు చేసింది, మాచిపత్రి మూడింతలు వేసింది. కలుపుతుంటే చేదు గొంతులోకి ఎక్కింది. పేగులో పురుగు చావాలంటే చేదు ఉండాల్సిందే అనుకుంది. ఎవరితోనూ అనలేదు. ఎప్పటిలాగే సాయంత్రం తొట్లు నింపింది. మొదటి మూడు పొద్దుల్లో తొట్టి అడుగున మేత మిగిలింది. ఎండ పెరిగిందిలే అనుకుంది. నాలుగో పొద్దు నుంచి తొట్లు నున్నగా ఉన్నాయి. ఆమె ఊపిరి పీల్చుకుంది.

నాలుగో ఆదివారం రెండు వైపులా సరిసమానం. గ్రాము తేడా లేదు.

తూకం అవగానే ఆతా త్రాసు సర్దేశాడు. ఇల్యాస్ మాత్రం, "అయితే ఎవరూ నెగ్గనట్టే," అన్నాడు. మొహిదిల్ సంతోషించాల్సింది. మందు పోసిన కోడితో మందు లేని కోడి సమానంగా తూగిందంటే గెలుపు ఆమెదే. కానీ ఆమెకి కుదురు లేదు. వారంలో నలభై గ్రాముల వెనకబాటు ఎలా పూడింది? మామ వైపు కోళ్ళ రెక్కల దగ్గర ముక్కు పెడితే మరువం వాసన ఎందుకొస్తోంది? వల మీంచి గాలి తెచ్చిందేమో అని సర్దుకుంది.

గురువారం ఆమె మామూలుకన్నా ముందే లేచింది. ఆకాశం ఇంకా బూడిద రంగులోనే ఉంది. వంటింటి కిటికీలోంచి చూస్తే షెడ్డు పక్క తలుపు తెరుచుకుంది. ఆతా బక్కెట్టుతో తన వైపు నుంచి బయటికొచ్చి, చుట్టూ చూసి, మొహిదిల్ వైపు తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు. కాసేపటికి ఖాళీ బక్కెట్టుతో వచ్చాడు.

ఆయన మసీదుకి వెళ్ళేదాకా ఆగి మొహిదిల్ షెడ్డుకి పరుగెత్తింది. గూట్లో మందు పొట్లం చింపి ఉంది. సగం ఖాళీ. శనివారం రానో వస్తుంది. రెండు కోళ్ళు తీసుకెళ్ళి కాలేయం పరీక్ష చేయిస్తుంది. మందు ఆనవాలు కనిపిస్తే ఇక ఆ శానిటోరియం గుమ్మం తొక్కక్కర్లేదు.

టీ వేళకి అందరూ మంచం మీద కూర్చున్నారు. సబాహత్ వేడి రొట్టె తుంచి అందరి ముందూ పెట్టింది. మొహిదిల్ కూర్చోలేదు.

"మావయ్యా, మీరు నా కోళ్ళకి మందు పోస్తున్నారు."

సబాహత్ చెయ్యి రొట్టె మీదే ఆగిపోయింది. ఆ ఇంట్లో కోడలు మామ ముందు అంత గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

"ఏమన్నావ్?" అన్నాడు ఆతా.

"పొద్దున కిటికీలోంచి చూశాను. బక్కెట్టుతో నా వైపెళ్ళారు. పొట్లం సగం ఖాళీ అయింది. ఎల్లుండి పరీక్షలో దొరికిపోతే శానిటోరియం పోతుంది, షెడ్డు పోతుంది. నేను ఓడిపోవడం చూడాలని ఉంటే తూకంలో ఓడించొచ్చుగా! ఇలా దొంగచాటుగానా?"

"మొహిదిల్!" ఇల్యాస్ లేచి నిలబడ్డాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ముందు క్షమించమని అడుగు."

"అడుగుతాను. ఆ బక్కెట్టులో ఏముందో చెప్పమనండి, కాళ్ళ మీద పడి అడుగుతాను."

గుల్సనమ్ ఏడుపు మొదలుపెట్టింది. సబాహత్ మనవరాల్ని దగ్గరికి లాక్కుని, "ఇల్యాస్ వాళ్ళ నాన్నా, చెప్పండి. మీరు మాట్లాడకపోతే ఈ పిల్ల నిజమనుకుంటుంది," అంది.

ఆతా టీ గిన్నె బోర్లించి పెట్టాడు. మెల్లగా దిగి చెప్పులేసుకుని, "రా," అన్నాడు. మొహిదిల్ వెనకే ఇల్యాస్ కూడా నడిచాడు.

షెడ్డులో ఆయన పెద్ద డబ్బా మూత తీశాడు. అందులో ఉన్నది మందు కాదు, మేత. పిడికెడు తీసి ఆమె అరచేతిలో పోశాడు. పసుపుపచ్చని మొక్కజొన్న నలుగులో ఆకుపచ్చ నలకలు. అడవి మరువం, నల్లజీలకర్ర. ఆమె కలిపిన మేతే, కానీ పలచగా ఉంది.

"ఇదేంటి మావయ్యా?"

"నీ మేత సగం, నా మేత సగం. ఇరవై అయిదో రోజు నుంచీ రెండు వైపులా ఇదే వేస్తున్నా."

మొహిదిల్ ఆ నలకల్ని వేలితో విడదీసి చూసింది.

"నీ కోళ్ళు మూడు రోజులు తిండి తినలేదు," అన్నాడు ఆతా. "తొట్టి దగ్గరికొస్తాయి, ముక్కు పెడతాయి, తల విదిలించి వెనక్కి పోతాయి. నేను రుచి చూశా. నా నాలుకే వంకర్లు పోయింది. మాచిపత్రి ఎంతేశావ్?"

"మూడింతలు," అంది.

"ఎందుకు?"

"వెనకబడ్డాయి కదా. ఆకులు చాలట్లేదనుకున్నా."

"వెనకబడింది ఆకుల వల్ల కాదు." ఆతా ఉత్తరం తలుపు వైపు చూపించాడు. "ఆ తలుపు సందు నీ వైపుంది. ఆ వారం వడగళ్ళ వాన పడింది. గుర్తుందా? చలిగాలికి నీ పిల్లలన్నీ అవతలి మూల గుంపుగా ముడుచుకున్నాయి. తిన్నదంతా ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికే పోయింది. నేను మర్నాడే సందులో గోనె కుక్కా. నువ్వు చూడలేదు."

నిజమే, తలుపు కింద గోనె ఉంది. రోజూ దాన్ని దాటుకుంటూనే నడిచింది.

"మరి చెప్పొచ్చు కదా నాన్నా!" అన్నాడు ఇల్యాస్.

"ఎలా చెప్పను? తూకం దగ్గర ఎగతాళి చేసిన నోటితో మర్నాడు సలహా చెబితే ఈవిడ వినేదా? ఈవిడ చోట నేనున్నా వినను." ఆతా ఊక మీద గొంతుక్కూర్చుని ఒక కోడిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "పందెం నాకూ కోడలికీ. వీటికేం తెలుసు? ఆకలితో నా ముఖంలోకి చూస్తుంటే పందెం గుర్తురాలేదు. నీ మేత పారబొయ్యబుద్ధి కాలేదు, అందులో సరుకుంది. నా మేతతో పలచన చేశా. తొట్టి నిమిషాల్లో నాకేశాయి. అప్పుడు నా వైపు పిల్లల్ని చూశా. రెట్టలు పల్చగా, ముక్కులు పాలిపోయి ఉన్నాయి. మంచి మేత ఇదని తెలిసీ వాటికి పెట్టకుండా ఎలా ఉండను?"

"మందు?" అంది మొహిదిల్.

"పొట్లం సగం ఖాళీ అయింది ఇరవై రెండో రోజుకే, అదీ నా వైపే. నీ వైపు నీళ్ళలో నేను వేలు కూడా పెట్టలేదు. ఆ తర్వాత నా వైపూ ఆపేశా. పది రోజులైంది. ఒక్క కోడి ఒరగలేదు." ఆయన కోడి రెక్క దువ్వాడు. "ఫారంలో ప్రతి సోమవారం మందు పొయ్యమని సంతకం పెట్టేవాణ్ని. అరవై వేల కోళ్ళకి. జబ్బు ఉందా లేదా అని పై నుంచి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మందు అరిగిపోయిందని డాక్టరు అన్నప్పుడు కోపమెందుకొచ్చిందో తెలుసా? అరగదీసిన చేతుల్లో ఇవీ ఉన్నాయి."

మొహిదిల్ అక్కడే ఊకలో కూలబడింది. ఓడిపోయానని కాదు, తప్పుగా అనుమానించానని కూడా కాదు. మూడు రోజులు మూడువందల ప్రాణాలు తన పంతానికి పస్తున్నాయి. తను తొట్టి అడుగు చూసింది గానీ కోడి ముఖం చూడలేదు. త్రాసు మీద అంకె చూసింది గానీ కాలి కింద గోనె చూడలేదు. ఏడుపు ఆగలేదు. ముఖం మీద కొంగు కప్పుకుని, "నన్ను క్షమించండి మావయ్యా. మిమ్మల్ని దొంగ అన్నాను," అంది.

"దొంగనే. నీ మరువం దొంగిలించా," అన్నాడు ఆతా. "లే. నిన్ను చూసి మీ ఆయన కూడా ఏడ్చేట్టున్నాడు, వాడేడిస్తే అసలు బాగోదు."

ఇల్యాస్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసిపోయి మొహిదిల్‌కి ఎక్కిళ్ళొచ్చాయి.

గుమ్మం దగ్గర సబాహత్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "టీ చల్లారిపోయింది," అంది. "కోళ్ళు తిన్నాయి, మనుషులే మిగిలారు. రండి."

శనివారం రానో వచ్చింది. బొద్దుగా, హడావిడిగా ఉండే మనిషి. మొహిదిల్ వైపు నుంచి రెండు కోళ్ళు పట్టింది. ఆతా ముందుకొచ్చి, "నా వైపు నుంచి కూడా ఒకటి తీసుకెళ్ళమ్మా," అన్నాడు.

"మీ వైపు మందు పోస్తారని చెప్పారే?"

"పోశా. ఇరవై రెండో రోజు దాకా. దాచడానికేం లేదు. అది మీ పిల్లలకి అమ్మను, బజారుకే పోతుంది. ఇప్పుడు అందులో ఏముందో నాకు తెలియాలి, అంతే."

పరీక్షలో మూడూ శుభ్రంగా వచ్చాయి. నలభై రెండో రోజు తూకంలో కోళ్ళు పాత మంచి బ్యాచుల కన్నా బరువు తూగాయి. చచ్చిపోయినవి రెండు వైపులా కలిపి పాతిక. ఆ షెడ్డులో అంత తక్కువ ఎప్పుడూ లేదు. రానో మొహిదిల్ కోళ్ళన్నీ తీసుకుంది, వచ్చేసారి ఆరువందలూ మావే అంది. ఇల్యాస్ వడ్రంగికి వేరే చోటు చూసుకోమని చెప్పొచ్చాడు.

"అయినా మనం ఏదీ నిరూపించలేదు మావయ్యా," అంది మొహిదిల్ ఆ సాయంత్రం. "రెండు వైపులా ఒకటే మేత తిన్నాయి. ఇది ఆకుల గొప్పో, మీ గోనె గొప్పో ఎలా తెలుస్తుంది?"

"అదే కదా!" ఆతా కళ్ళు మెరిశాయి. "ఈసారి మూడు వాటాలు కడదాం. ఒకటి ఉత్త మేత, ఒకటి మీ అమ్మ కొలత, ఒకటి అందులో సగం. తలుపు సందులన్నీ ముందే మూసేద్దాం. మందు దేనికీ వద్దు, జబ్బొస్తే డాక్టర్ని పిలుద్దాం. నేనే పిలుస్తా." ఆ చివరి మాటకి సబాహత్ చెవులు నమ్మలేదు.

"కానీ ముందు ఆ మొక్కని చూడాలి," అన్నాడాయన. "ముప్ఫై ఒక్కేళ్ళు మేత కలిపా. నేలలోంచి లేచిన ఆకు ఒక్కటి కూడా చూళ్ళేదు. మీ ఊరు తీసుకెళ్ళు."

జూలైలో వెళ్ళారు. నానాయ్ దాటాక వ్యాను వెళ్ళే దారి అయిపోయింది, మిగతా దారి నడకే. ఆతా మూడుసార్లు రాయి మీద కూర్చున్నాడు కానీ వెనక్కి పోదామనలేదు. కొండ వాలంతా అడవి మరువం ఊదారంగు పూత మీద ఉంది. తేనెటీగలు ముసురుతున్నాయి. హలీమా పైన గుడ్డ పరిచి కోసిన కొమ్మలు ఆరబెడుతోంది. చిన్న మనిషి, చేతులు మాత్రం పెద్దవి.

వియ్యంకుడు సలాం కూడా సరిగ్గా పూర్తి చెయ్యకుండానే ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పుడు కోస్తావు, ఎన్నాళ్ళు ఆరబెడతావు, కిలోకి ఎంత?

"ఇంత," అంది హలీమా. పొడి డబ్బాలో మూడు వేళ్ళు ముంచి తీసింది.

"ఇంత అంటే ఎంత?"

"ఇంతే. మా అమ్మ ఇలాగే వేసేది."

ఆతా సంచిలోంచి గుల్సనమ్ అరచేతంత ఉండే కొత్త త్రాసు తీశాడు. నమంగాన్ బజారులో మనవరాలి చేతే ఏరించి కొన్నాడు. "ఇందులో వెయ్యి."

వేసింది. పది గ్రాములు. ఆయన ఊదేసి మళ్ళీ వెయ్యమన్నాడు. పది. చూడకుండా, అటు తిరిగి వెయ్యమన్నాడు. హలీమా విసుక్కుంటూ అటు తిరిగి వేసింది. పదే. ఆతా టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. చాలాసేపు ఆ మూడు వేళ్ళ వైపే చూశాడు.

"కెలిన్, నువ్వు వెయ్యి," అన్నాడు.

మొహిదిల్ వేళ్ళు ముంచి వేసింది. పధ్నాలుగు.

"నీ చెయ్యి ఇంకా పందెంలోనే ఉంది," అన్నాడు ఆతా. హలీమా పకపకా నవ్వింది. మొహిదిల్ సిగ్గుపడి వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు ఆయన, తన పక్కన గుడ్డ మీద చోటు చూపిస్తూ. పన్నెండేళ్ళలో కోడల్ని ఆయన అమ్మాయ్ అని పిలవడం అదే మొదటిసారి. కోడలిని కాదు, కూతుర్ని పిలిచే పిలుపు అది. "నాకేం తొందర లేదు. మీ అమ్మ నేర్పుతుంది, నేను తూస్తా. పొద్దు గుంకేలోపు నీకూ నాకూ ఇద్దరికీ వచ్చేస్తుంది."

మొహిదిల్ ఆయన పక్కన కూర్చుంది. కళ్ళు మసకగా ఉన్నాయి. తుడుచుకోలేదు. మూడు వేళ్ళూ పొడిలో ముంచింది.